ఉప్పు దిగేదాకా రంగు వేయొద్దు: పికప్ బాడీ తుప్పు మరమ్మతు డైరీ

బండి 2013 మోడల్ డీజిల్ పికప్. మా మామయ్యది. తెల్లవారుజామున చెన్నై కాశిమేడు హార్బరులో చేపలు, రొయ్యలు ఐసు పెట్టెల్లో ఎత్తుకొని చింతాద్రిపేట మార్కెట్‌కు, హోటళ్లకు చేరవేయడం దాని పని. కిందటిసారి ఒక వర్క్‌షాపులో పుట్టీ పెట్టించి రంగు కొట్టించారు. ఆ వెంటనే వచ్చిన ఈశాన్య రుతుపవనాలకే తలుపుల అడుగున బుడగలు లేచాయి. ఈసారి పని ఇంటి దగ్గరే, తండయార్‌పేటలో షెడ్డు కింద పెట్టుకున్నాం. ఇలాంటి బండి ఉన్నవాళ్లు వాడుకోవడానికి వీలుగా కొలతలు, ఖర్చులు, పనికిరాని పద్ధతులు, వాటిని ఎందుకు మార్చామో రాసిపెడుతున్నాను.

ఇంజను, ఛాసిస్ జోలికి పోలేదు. క్యాబిన్ రేకులు, తలుపులు, వెనక లోడు బాడీ మాత్రమే ఇందులో ఉన్నాయి.

దశ 1: విప్పకముందు కొలతలు

రంగు మీద కనిపించే బుడగను బట్టి తుప్పు ఎంతుందో చెప్పలేం. ఇనుము తుప్పుగా మారినప్పుడు దాని పరిమాణం రెండు నుంచి ఆరు రెట్లు పెరుగుతుంది. పైన రూపాయి బిళ్లంత బుడగ కనిపించిందంటే, లోపలి వైపు నుంచి అరచేయంత రేకు అప్పటికే పోయి ఉండవచ్చు. అందుకే ముందు ఈ వరుసలో చూశాం.

1. బలహీనమైన చిన్న అయస్కాంతానికి దారం కట్టి రేకు మీద మెల్లగా జరపాలి. జారిపోయిన చోటల్లా కింద పుట్టీ ఉన్నట్టే. చాక్‌పీసుతో గీత గీయాలి.
2. గీత లోపల మొద్దు స్క్రూడ్రైవర్‌తో నొక్కాలి. లొంగితే ఆ భాగం కోతకు పోతుంది.
3. తలుపుల లోపలికి ఫోనుకు తగిలించే గొట్టం కెమెరా దూర్చి, అడుగు మడతను చూడాలి.
4. మంచి రేకు అసలు మందం ఎంతో తెలియాలి. వెనక అద్దం రబ్బరు కింద అంచును క్యాలిపర్‌తో కొలిచాం: 0.80 మి.మీ.

కోసి తీసిన ముక్కల మందం ఇదీ:

- ఎడమ తలుపు అడుగు: 0.35 మి.మీ., మూలలో చిల్లులు
- డ్రైవరు వైపు ఫుట్‌బోర్డు: 0.40 నుంచి 0.55 మి.మీ.
- క్యాబిన్ వెనక మూలలు: 0.55 మి.మీ.
- క్యాబిన్ నేల: 0.65 మి.మీ., చిల్లులు లేవు
- లోడు బాడీ నేల, గాడుల అడుగున: 1.20కి 0.80 మి.మీ. మిగిలింది

ఫుట్‌బోర్డు మీద పాత పుట్టీ మందం 6 మి.మీ. ఉలితో లేపితే పెంకులాగా ఒక్కసారిగా ఊడివచ్చింది. దాని వెనక వైపు గోధుమ రంగు పొడి అంటుకొని ఉంది. అంటే పుట్టీని రేకుకు పెట్టలేదు, తుప్పుకు పెట్టారు. పాలియెస్టర్ పుట్టీ తేమను పీల్చుకుంటుంది. తుప్పు మీద పెడితే ఆ తేమను అక్కడే నిలబెడుతుంది.

ఈ దశ ఖర్చు: గొట్టం కెమెరా 900, నీటిలో కరిగిన లవణాలను చూపే టీడీఎస్ మీటరు 350, ఉష్ణోగ్రత, తేమ చూపే మీటరు 450. మొత్తం 1,700 రూపాయలు.

దశ 2: విప్పడం, తుప్పు తీయడం

బ్యాటరీ తీగలు విప్పి, సీట్లు, రబ్బరు మ్యాట్లు బయట పెట్టాం. మ్యాట్ కింద ఫెల్టు పరిచి ఉంది. పైకి పొడిగానే ఉన్నా పిండితే నీళ్లు కారాయి. హార్బరులో చెప్పులకంటుకున్న ఉప్పు బురదంతా అందులోకే దిగుతోంది. ఫెల్టును మళ్లీ వేయలేదు.

తలుపు అడుగున నీళ్లు పోయే సన్నని రంధ్రాలు ఉంటాయి. అద్దం పక్క నుంచి లోపలికి దిగిన వాన నీరు వాటి గుండానే పోవాలి. ఎడమ తలుపు రంధ్రంలో తీగ పెట్టి కెలికితే ముందు నల్లటి జిగట, తర్వాత చేప పొలుసులు, ఆ వెనక గ్లాసు నిండా కంపు నీళ్లు వచ్చాయి. తలుపు పై రేకును లోపలి రేకు మీదికి మడిచే చోట ఆ నీళ్లు నిలిచి, తలుపును కింది నుంచి తినేశాయి. ఎడమ తలుపు చూసి ఎవరైనా రంగు పాడైందనుకుంటారు. పాడైంది రంధ్రం.

లోడు బాడీలో నేలకు రక్షణగా ఎవరో అల్యూమినియం గళ్ల రేకు స్క్రూలతో బిగించారు. దాని కింద నీళ్లు చేరితే ఎండే దారి లేదు. పైగా ఉప్పు నీళ్లలో ఇనుము, అల్యూమినియం ఒకదానికొకటి ఆనుకొని ఉంటే అల్యూమినియం వేగంగా తినుకుపోతుంది. రేకు కిందంతా తెల్లటి పొడి, స్క్రూ రంధ్రాల చుట్టూ ఎర్రటి తుప్పు. దాన్ని తీసి తూకానికి వేశాం.

తుప్పు తీసే పనిముట్లలో ఏది ఎలా పనిచేసిందో:

- గ్రైండరుకు తగిలించే వైర్ కప్ బ్రష్: పని చేసినట్టు కనిపిస్తుంది, చేయదు. రేకు నల్లగా మెరిసింది. భూతద్దంతో చూస్తే గుంతల అడుగున తుప్పు అలాగే ఉంది, పైన నునుపు తేలిందంతే. మొదటి రోజు తర్వాత దాన్ని పక్కన పెట్టాం.
- 40 నంబరు ఫ్లాప్ డిస్క్: తుప్పుతోపాటు మంచి ఇనుమునూ తీసుకుపోతుంది. పాత ముక్క మీద పరీక్షిస్తే కాసేపట్లోనే 0.1 మి.మీ. పోయింది. 0.80 మి.మీ. రేకులో అది ఎనిమిదో వంతు. వెల్డింగ్ గుబ్బలకు మాత్రమే వాడాం.
- నల్లటి స్పాంజిలా ఉండే స్ట్రిప్ డిస్క్: పాత రంగుకు, పైపై తుప్పుకు ఇదే మేలు. రేకును తినదు.
- శాండ్‌బ్లాస్టింగ్ (గాలి ఒత్తిడితో రవ్వను కొట్టడం): గుంతల అడుగుదాకా వెళ్లేది ఇదొక్కటే. లోడు బాడీ పక్క తలుపులు, కీళ్లు విప్పి అంబత్తూరులో చేయించాం. క్యాబిన్‌కు వద్దన్నాం. పల్చటి రేకు ఆ దెబ్బకు వంపు తిరుగుతుంది, సందుల్లో చేరిన రవ్వ ఎప్పటికీ బయటికి రాదు.

మిగిలిన గుంతలకు ఫాస్ఫారిక్ ఆమ్లం వాడాం. నైనియప్ప నాయకన్ వీధిలో 85 శాతం గాఢత ఉన్నది దొరుకుతుంది. ఒక పాలు ఆమ్లానికి నాలుగు పాళ్లు నీళ్లు కలిపితే బరువులో సుమారు 25 శాతం అవుతుంది. నీళ్లలోకే ఆమ్లం పోయాలి, ఆమ్లంలోకి నీళ్లు పోయకూడదు. రక్షణ కళ్లద్దాలు, రబ్బరు గ్లవ్స్ తప్పనిసరి. కుంచెతో రాసి, పైన ప్లాస్టిక్ కాగితం కప్పి అరగంట తడిగా ఉంచాం. ఆరిపోనిస్తే జిగట పొర మిగులుతుంది, దాని మీద ప్రైమరు పట్టదు.

సీసాల్లో అమ్మే నల్లగా మార్చే రస్ట్ కన్వర్టరునూ ఒక ముక్క మీద చూశాం. తుప్పు అట్టలు కట్టిన చోట పైపొర నల్లబడింది, మేకుతో గీస్తే కింద పాత గోధుమ పొడే ఉంది. తడిసిన మేరకే అది పనిచేస్తుంది. అందుకే దాన్ని నమ్ముకోలేదు.

ఈ దశ ఖర్చు: డిస్కులు 1,850, ఆమ్లం 700, కళ్లద్దాలు, గ్లవ్స్, మాస్కులు 1,150, శాండ్‌బ్లాస్టింగ్ 3,000. దశ మొత్తం 6,700. ఇప్పటికి 8,400 రూపాయలు.

దశ 3: ఉప్పు కడగడం

డైరీలో ఇంకేమీ చదవకపోయినా ఈ దశ చదవండి.

ఆమ్లం పెట్టి, బోరు నీళ్లతో కడిగి, తుడిచి ఆరబెట్టిన ఫుట్‌బోర్డు సాయంత్రానికి బూడిద రంగులో శుభ్రంగా ఉంది. తెల్లారేసరికి గుంతలున్న చోట్ల మాత్రమే నారింజ రంగు చుక్కలు. మళ్లీ ఆమ్లం, మళ్లీ కడుగు, మళ్లీ చుక్కలు, అవే చోట్ల. నున్నటి రేకు మీద ఒక్కటీ లేదు.

కారణం గుంత అడుగున దాగిన ఉప్పు. మామూలు ఉప్పు, గాలిలో తేమ 75 శాతం దాటితే దానంతటదే నీళ్లు పీల్చుకొని కరుగుతుంది. సముద్రపు ఉప్పులో ఉండే మెగ్నీషియం క్లోరైడ్‌కు 33 శాతం తేమ చాలు. చెన్నై రాత్రుల్లో తేమ ఆ గీత దాటడం మామూలే. కాబట్టి రంగు కింద ఉప్పు మిగిలితే వాన పడనక్కర లేదు, అక్కడ రాత్రిళ్లు తడి పుడుతూనే ఉంటుంది. ఇనుమును తినడంలో ఉప్పులోని క్లోరైడ్ ఖర్చయిపోదు కూడా. పని చేసి మళ్లీ మిగులుతుంది.

కడిగే నీళ్లనే అనుమానించి టీడీఎస్ మీటరు పెట్టాం.

- మా బోరు నీళ్లు: 1,900 పీపీఎం (పది లక్షల పాళ్లలో ఇన్ని పాళ్లు)
- మెట్రో నీళ్లు: 340 పీపీఎం
- ఏసీ గొట్టం నుంచి కారే నీళ్లు, గుడ్డతో వడకట్టినవి: 12 పీపీఎం

ఉత్తర చెన్నై తీరంలో, మింజూరు దాకా, భూగర్భ జలాల్లోకి సముద్రపు నీరు చొరబడిన సంగతి దశాబ్దాలుగా తెలిసినదే. ఆ బోరు నీళ్లతో రేకు కడగడమంటే తీసిన ఉప్పును తిరిగి పెట్టడమే. బండి కడిగే షెడ్లలో ఎక్కువ భాగం బోరు నీళ్లే వాడతాయి కాబట్టి ఇది ఒక్క మా ఇంటి సంగతి కాదు.

రేకు మీద ఉప్పు ఎంత మిగిలిందో చూడటానికి ఇలా చేశాం:

1. ఏసీ నీళ్లలో ముందే ఉడికించి ఆరవేసిన నూలు గుడ్డ తీసుకోవాలి. కొత్త గుడ్డలో గంజి, ఉప్పు ఉంటాయి.
2. శుభ్రమైన స్టీలు గ్లాసులో 200 మి.లీ. ఏసీ నీళ్లు పోసి మీటరు అంకె రాసుకోవాలి.
3. గుడ్డను అందులో తడిపి, 10 సెం.మీ. పొడవు, 10 సెం.మీ. వెడల్పు మేర రేకుకు అంటించి పది నిమిషాలు ఉంచాలి.
4. అదే గ్లాసులో గుడ్డను జాడించి, పిండి, మళ్లీ కొలవాలి. తేడాయే మనకు కావలసింది.

మీటరు చూపేది నీటి విద్యుత్ వాహకతను బట్టి లెక్కగట్టిన అంకె. అది ఉప్పా, ఆమ్లమా అని విడదీసి చెప్పదు. కాబట్టి ఆమ్లం పెట్టిన వెంటనే కొలిస్తే అర్థం లేదు. పెద్ద ఉక్కు నిర్మాణాలకు రంగు వేసే ముందు అంటించే పట్టీతో చేసే బ్రెస్లే పరీక్ష మూలసూత్రమూ ఇదే. మన గుడ్డ పరీక్ష దానంత కచ్చితం కాదు, కానీ ఒకే బండి మీద ఒక చోటును మరో చోటుతో పోల్చడానికి చాలు.

డ్రైవరు వైపు ఫుట్‌బోర్డు అంకెలు:

- ఎప్పుడూ తుప్పు పట్టని పైకప్పు, పోల్చడానికి: తేడా 18
- డిస్క్ పట్టిన తర్వాత ఫుట్‌బోర్డు: 260
- ఆమ్లం, బోరు నీళ్ల కడుగు తర్వాత: 410
- వేడి మెట్రో నీళ్లు, నైలాన్ బ్రష్‌తో రుద్దాక: 140
- వేడి ఏసీ నీళ్లు, మొదటి విడత: 75
- ఆ తర్వాతి విడత: 45
- చివరి విడత: 28

40 లోపు వస్తేనే ప్రైమరు అని గీత గీసుకున్నాం. 45 దగ్గర ఆపిన మరో ముక్కలో రెండు చుక్కలు తిరిగొచ్చాయి. 28 దగ్గర ఆపిన ఫుట్‌బోర్డు రాత్రంతా బోసిగా ఉన్నా చుక్క రాలేదు. నీళ్లు వేడిగా ఉండటం ముఖ్యం, గుంతల్లోంచి ఉప్పు తొందరగా కరిగి వస్తుంది, రేకు కూడా త్వరగా ఆరుతుంది. ఏసీ నీళ్లు బక్కెట్లో పట్టి దాచుకోవడానికి ఓపిక కావాలి. మా వీధిలో రెండిళ్ల వాళ్లు తమ గొట్టాల కింద కూడా క్యాన్లు పెట్టనిచ్చారు.

ఇక్కడే పని పద్ధతి మార్చుకున్నాం. బండి మొత్తం గీకి, తర్వాత మొత్తం కడిగి, ఆపై మొత్తానికి ప్రైమరు వేయాలన్న వరుస సముద్రం పక్కన పనికిరాదు. ఒక భాగం గీకడం, కడగడం, ప్రైమరు పూర్తయ్యాకే రెండో భాగం ముట్టుకున్నాం.

ఈ దశ ఖర్చు: చేతి పంపు స్ప్రేయరు, బ్రష్‌లు 650. ఇప్పటికి 9,050 రూపాయలు.

దశ 4: రేకు కోత, అతుకు

సెంబుదాస్ వీధి నుంచి 20 గేజి సీఆర్ (కోల్డ్ రోల్డ్ ఉక్కు) రేకు తెచ్చాం. 0.9 మి.మీ. మందం, 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు, తూకం 21 కిలోలు. తూకం లెక్క కలిస్తే మందం సరైనదే. తేలిగ్గా తూగితే పల్చటి రేకు అంటగడుతున్నట్టు.

టింకరింగ్ మేస్త్రి పెద్దవారు, గూడూరు వైపు వారు. గ్యాస్ వెల్డింగ్‌లో చేయి తిరిగినవారు. ఫుట్‌బోర్డు చూడగానే చెప్పారు.

"తమ్ముడూ, పాతదాని మీద ముక్క పరిచి చుట్టూ గ్యాస్ కొట్టేస్తే పూటలో అయిపోతుంది. కోయడం దేనికి?"

"రెండు రేకుల మధ్య సందులో నీళ్లు చేరితే మళ్లీ అదే కథ అవుతుంది మేస్త్రిగారూ. అంచుకు అంచు కలిపి అతికించాలి."

"అలాగైతే గ్యాస్ వద్దు, రేకు అలలు తిరుగుతుంది. మిషను తెప్పించు. వెనక రాగి పట్టీ ఒకటి పట్టుకో, చిల్లు పడదు."

ఆ రాగి పట్టీ మాటే మాకు దారి చూపింది. సీఓ2 మిషను (కార్బన్ డయాక్సైడ్ గ్యాసుతో తీగను కరిగించి అతికే వెల్డింగ్ మిషను), 0.8 మి.మీ. తీగతో పాత ముక్కల మీద పరీక్షిస్తే, 0.55 మి.మీ. రేకు ఎంత తగ్గించినా కాలి చిల్లుపడింది. 0.70 మి.మీ. రేకు, వెనక రాగి పట్టీ ఆనిస్తే నిలిచింది. రాగికి వెల్డు అంటుకోదు, వేడిని లాగేసుకుంటుంది. కాబట్టి కోత గీత ఎక్కడ అన్నది తుప్పు అంచును బట్టి కాకుండా మందాన్ని బట్టి తేల్చాం. 0.70 దొరికేదాకా గీతను బయటికి జరిపాం. ఫుట్‌బోర్డు ముక్క అనుకున్నదానికంటే 4 సెం.మీ. వెడల్పయింది. అంతే తేడాతో చిల్లుల గొడవ పోయింది.

రామేశ్వరం దగ్గర 2025 ఏప్రిల్‌లో ప్రారంభమైన పాంబన్ కొత్త రైలు వంతెనలోనూ అతుకుల్ని పూర్తిగా వెల్డ్ చేసి, పైన పాలీసిలాక్సేన్ అనే రక్షణ పూత పూశారు. ఉప్పు గాలిలో సందు మిగల్చకూడదన్న నియమం వంతెనకైనా ఫుట్‌బోర్డుకైనా ఒకటే.

పని క్రమం:

1. వెల్డింగ్‌కు ముందు బ్యాటరీతోపాటు ఆల్టర్నేటరు తీగ కూడా విప్పాలి. డీజిల్ గొట్టాలు, బ్రేకు గొట్టాల మీద తడి గోనె కప్పాలి. మంటలార్పే సిలిండరు చేతికందేలా పెట్టుకోవాలి.
2. ముక్కను అట్టతో కొలత తీసి కోయాలి. మధ్యలో సందు 1 మి.మీ. లోపు ఉండాలి.
3. నాలుగు మూలల్లో వెల్డు చుక్క పెట్టి, ఆపై 25 మి.మీ. ఎడంతో చుక్కలు. ఒక చుక్క ఇటు, తర్వాతిది ఎదుటి వైపు.
4. చేయి పెట్టగలిగేంత చల్లారాకే పక్క చుక్క. నీళ్లు పోసి చల్లార్చకూడదు.
5. చుక్కల మధ్య ఖాళీలు కలిసేదాకా ఇదే వరుస. ఫ్లాప్ డిస్క్‌తో గుబ్బలు దించాలి.
6. చీకటి పడ్డాక లోపల టార్చి పెట్టి బయటి నుంచి చూడాలి.

ఆ టార్చి పరీక్ష మానొద్దు. పగలు చూస్తే నున్నగా, నిండుగా ఉన్న అతుకులో రాత్రి సూది మొనంత వెలుగు చుక్కలు వరుసగా కనిపించాయి. ప్రతి చుక్కా ఒక నీటి దారి. సున్నం పెన్సిలుతో గుర్తు పెట్టి, మర్నాడు మళ్లీ వెల్డ్ చేశాం. జింకు పూత ఉన్న పాత ముక్కల దగ్గర పొగ పీల్చకూడదు, జింకు పొగకు జ్వరం పట్టుకుంటుంది. పూత గీకి, ఫ్యాను వెనక వైపు పెట్టి చేశాం.

ఎడమ తలుపుకు అతుకు వేసే ఇనుము మిగల్లేదు. పుదుపేటలో పాత తలుపు కొన్నాం. కొనే ముందు గొట్టం కెమెరా నీటి రంధ్రంలోంచి దూర్చి మడత చూశాం. మొదట చూపించిన తలుపు బయటికి కొత్తదానిలా ఉంది, మడతలో తుప్పు పొరలు ఊగుతున్నాయి. మరో దుకాణంలో సొట్టలున్నా మడత శుభ్రంగా ఉన్నది దొరికింది. సొట్ట తీయవచ్చు.

ఈ దశ ఖర్చు: రేకు 1,800, మిషను, సిలిండరు అద్దె 4,500, తీగ 1,100, మేస్త్రి కూలి 6,000, జింకు స్ప్రే 600, కోత డిస్కులు 400, తలుపు 3,500. దశ మొత్తం 17,900. ఇప్పటికి 26,950 రూపాయలు.

దశ 5: ప్రైమరు, సీలెంటు, రంగు

ఏ పూత అన్నది మాటలతో తేల్చుకోకుండా, మిగిలిన రేకులోంచి పలకలు కోసి మేడ మీద పెట్టాం. ప్రతిదాని మీదా కత్తితో ఇనుము కనిపించేలా ఒక గీత. రోజూ ఉప్పు నీళ్లు చల్లాం. నెల దాటాక గీత నుంచి పక్కకు తుప్పు ఎంత పాకిందో కొలిచాం.

- రెడ్ ఆక్సైడ్, పైన ఎనామెల్: 9 మి.మీ.
- కన్వర్టరు, పైన ఎనామెల్: 7 మి.మీ.
- రెండు భాగాల ఎపాక్సీ ప్రైమరు, పైన పీయూ (పాలీయురేథేన్) రంగు: 1.5 మి.మీ.
- అదే ఎపాక్సీ, పీయూ, కానీ ఉప్పు కడగని పాత రేకు మీద: 8 మి.మీ.

చివరి అంకె చూడండి. ఖరీదైన పూత, కింద ఉప్పు ఉంటే, ఎనామెల్ స్థాయికి పడిపోయింది.

ఎపాక్సీ వేసే వేళ కూడా లెక్క ప్రకారమే. రేకు ఉష్ణోగ్రత మంచు బిందువు (గాలిలోని తేమ నీళ్లుగా మారే ఉష్ణోగ్రత) కంటే కనీసం 3 డిగ్రీలు ఎక్కువ ఉండాలి, లేకపోతే కంటికి కనిపించని తడి రేకు మీద పేరుకుంటుంది. మంచు బిందువుకు ఉజ్జాయింపు సూత్రం: 100లోంచి తేమ శాతం తీసేసి, 5తో భాగించి, వచ్చినదాన్ని గాలి ఉష్ణోగ్రతలోంచి తీసేయాలి.

- ఉదయం 6 గంటలు: 25 డిగ్రీలు, తేమ 90 శాతం. మంచు బిందువు 23. తేడా 2. వేయకూడదు.
- ఉదయం 11 గంటలు: 32 డిగ్రీలు, తేమ 65 శాతం. మంచు బిందువు 25. తేడా 7. వేయవచ్చు.

తెల్లవారుజామున వేసి చూసిన పరీక్ష పలక మీద గళ్లు గీసి టేపు అంటించి లాగితే గళ్లు ఊడివచ్చాయి. 11 గంటలకు వేసినదానికి ఒక్కటీ ఊడలేదు. మధ్యాహ్నం సముద్రపు గాలి మొదలైతే ఉప్పు తుంపర కూడా దానితో వస్తుంది. కాబట్టి పదింటి నుంచి గాలి తిరిగేదాకా ఉన్న వేళే మన వేళ. నీడలోనే వేయాలి. రోహిణి కార్తె ఎండలో రేకు పెనంలా కాలుతుంటే థిన్నరు ముందే ఆవిరైపోయి పూత పొడిపొడిగా పడుతుంది.

పూతల వరుస:

1. ఆమ్లం తగిలిన ప్రతి చోటునూ 80 నంబరు కాగితంతో మళ్లీ గీకి, థిన్నరు గుడ్డతో తుడవాలి. ఆమ్లపు అవశేషం మీద ఎపాక్సీ నమ్మకంగా పట్టదు.
2. ఎపాక్సీ ప్రైమరు రెండు కోట్లు. అంచులకు, వెల్డు గీతలకు ముందుగా కుంచెతో విడిగా ఒక కోటు, స్ప్రే అక్కడ పల్చగా పడుతుంది.
3. అతుకులన్నిటికీ లోపల, బయట పీయూ సీమ్ సీలెంటు. తలుపు మడత చుట్టూ కూడా. నీటి రంధ్రాలు మూసుకుపోకుండా అగ్గిపుల్లలు దూర్చి ఉంచాలి.
4. పుట్టీ ఎపాక్సీ మీదే, 2 మి.మీ. మించకుండా. అంతకంటే లోతుంటే సుత్తి, డాలీతో (వెనక ఆనించే ఇనుప దిమ్మ) రేకునే సరిచేయాలి.
5. సర్ఫేసరు (రంగు కింద నునుపు కోసం వేసే పూత), 400 నంబరు వాటర్ పేపరు, ఆపై తెల్ల పీయూ. వాటర్ పేపరుకూ ఏసీ నీళ్లే.

పీయూ హార్డెనర్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి. మామూలు మాస్కు వాటికి ఆగదు, ఊపిరితిత్తులకు తిరిగిరాని చేటు జరగవచ్చు. అందుకని షెడ్డులో స్ప్రే చేయలేదు. క్యాబిన్ బయటి రేకుల్ని గాలి గొట్టం ఉన్న మాస్కు వాడే పెయింటరు చేత బూత్‌లో కొట్టించాం. ఖర్చు తగ్గించుకోవడానికి ఇది చోటు కాదు.

ఈ దశ ఖర్చు: ఎపాక్సీ 3,400, సీలెంటు 1,200, పుట్టీ 450, సర్ఫేసరు 1,300, పీయూ, హార్డెనర్, థిన్నరు 3,600, కాగితాలు 550, బూత్, పెయింటరు కూలి 4,000. దశ మొత్తం 14,500. ఇప్పటికి 41,450 రూపాయలు.

దశ 6: నీళ్లకు దారి

రంగు పూర్తిగా గట్టిపడ్డాక తలుపుల లోపల, ఫుట్‌బోర్డు పెట్టెలో, క్యాబిన్ వెనక మూలల్లో క్యావిటీ మైనం (బోలు భాగాల లోపల తుప్పు పట్టకుండా చిమ్మేది) కొట్టాం. పొడవాటి గొట్టానికి చుట్టూ చిమ్మే ముక్కు ఉంటే లోపలి మడతదాకా చేరుతుంది. రంధ్రాల్లోంచి మైనం కారడం చూశాకే ఆపాలి. తర్వాత తీగతో రంధ్రాలు మళ్లీ తెరవాలి.

లోడు బాడీలో మార్పులు అందం కోసం చేసినవి కావు. ఐసు కరిగిన నీళ్లు పెట్టె బిరడా నుంచి నేరుగా నేల మీద పడుతున్నాయి. తుప్పుకు మూలం అదే. బిరడాకు రబ్బరు గొట్టం బిగించి, వెనక డోరు దాటి కింద డబ్బాలోకి దింపాం. డబ్బాను రోజూ హార్బరు డ్రైనేజీలో పారబోస్తారు, రోడ్డు మీద కారదు. పెట్టెల కింద 4 సెం.మీ. ఎత్తు ప్లాస్టిక్ ప్యాలెట్లు పెట్టాం. రెండు నిమిషాల్లో తీసి కడగవచ్చు. క్యాబిన్ నేల మీద ఫెల్టుకు బదులు విడిగా తీయగలిగే రబ్బరు మ్యాట్లు మాత్రమే.

ఈ దశ ఖర్చు: మైనం 1,700, గొట్టం 400, రబ్బరు బిరడాలు 250. ప్యాలెట్లు హార్బరులో మామయ్యకు తెలిసినవారిచ్చారు. దశ మొత్తం 2,350. ఇప్పటికి 43,800 రూపాయలు.

పైపై పుట్టీ, రంగుకు వర్క్‌షాపులో చెప్పిన ధర 28,000. కిందటి పని ఒక్క వానకాలం కూడా నిలవలేదని గుర్తుపెట్టుకుని ఈ రెండు అంకెల్ని పోల్చాలి.

దశ 7: రుతుపవనాల తర్వాత తనిఖీ

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బండి ఒక్క పూటా ఆగలేదు. జనవరిలో మళ్లీ అయస్కాంతం, కెమెరా, గుడ్డ పరీక్ష.

- ఫుట్‌బోర్డులు రెండూ: బుడగ లేదు. మ్యాట్ తీసి చూసినా పొడిగా ఉంది.
- పుదుపేట తలుపు: మడత శుభ్రం. రంధ్రాలు తెరిచే ఉన్నాయి, ఒకదానిలో పొలుసులు చేరుతున్నాయి. నెలకోసారి తీగ పెట్టాలని మామయ్యకు చెప్పాను.
- క్యాబిన్ కుడి వెనక మూల: సీలెంటు అంచు ఒకచోట 3 సెం.మీ. మేర లేచింది. కింద తడి ఉంది, తుప్పు ఇంకా లేదు. కోసి తీసి, ఆరబెట్టి, కొత్తగా పెట్టాం.
- లోడు బాడీ నేల: ప్యాలెట్ కాళ్లు రాసుకున్న నాలుగు చోట్ల పూత అరిగి ఇనుము కనిపిస్తోంది. గుడ్డ పరీక్షలో తేడా 190. కడిగి 30కి దించి ఎపాక్సీ తిరిగి వేశాం. కాళ్లకు పాత ట్యూబు రబ్బరు ముక్కలు తొడిగాం.
- వెనక డోరు కీళ్లు: పిన్నుల చుట్టూ ఎర్రటి చార. తిరిగే చోట ఏ పూతా నిలవదు. పిన్నులు తీసి, గ్రీజు పూసి బిగించాం. ఇకపై మూడు నెలలకోసారి ఈ పని ఉంటుంది.

ఈ తనిఖీ ఖర్చు: సీలెంటు 400, మైనం, గ్రీజు 400. ఇప్పటికి మొత్తం 44,600 రూపాయలు. తర్వాతి తనిఖీ వేసవిలో, కుడి మూల సీలెంటు దగ్గర మొదలుపెడతాం.